చక్రకేళి చార్జి అప్పగించలేదు

మా కార్యాలయంలో మనిషి ఎలాగైనా పోవచ్చు. బదిలీ మీద పోవచ్చు, పదవీ విరమణ చేసి పోవచ్చు, దేవుడు పిలిస్తే పైకీ పోవచ్చు. చార్జి అప్పగించకుండా మాత్రం పోకూడదు.

చార్జి అప్పగింత అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. కుర్చీ దిగేవాడూ ఎక్కేవాడూ ఎదురెదురుగా కూర్చుని, బీరువా తాళాల దగ్గర్నుంచి గుండుసూదుల డబ్బా దాకా జాబితా రాసుకుని, కింద ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు సంతకాలు పెట్టాలి. ఆ రెండు సంతకాలూ పడేదాకా దిగినవాడు దిగనట్టే, ఎక్కినవాడు ఎక్కనట్టే. మా పాత స్టోరు కీపరు గుండెనొప్పితో కాకినాడ ఆసుపత్రిలో చేరితే, ఎడమ చేతికి సెలైను ఎక్కుతుండగా కుడి చేత్తో సంతకం పెట్టించుకుని వచ్చింది నేనే. దేవుడి దయవల్ల ఆయన ఇప్పుడు కులాసాగానే ఉన్నాడు. నేను ఎదురుపడితే మాత్రం రోడ్డు దాటి అవతలికి పోతాడు.

నేను తాటి, ఈత ఉత్పత్తుల మండలిలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను సూపరింటెండెంటుని. మా ఆఫీసు అమలాపురంలో ఉంది. తాటి తాండ్ర, ఈత చాపలు, తాటాకు విసనకర్రలు వీటిని అభివృద్ధి చేయడం మండలి పని. ఇంతవరకు అవి మా ప్రమేయం లేకుండానే బాగున్నాయి. ఉద్యోగులు చేరడం, సెలవు పెట్టడం, హాజరు, మెమోలు నా సెక్షను పని.

ఆరేళ్ల కిందట కొబ్బరి పీచు సంస్థ అని ఒకటి మూతబడితే, దాని భవనమూ బల్లలూ కంప్యూటర్ల నెట్‌వర్కూ మాకు వారసత్వంగా వచ్చాయి. వారసత్వంలో నానమ్మ నగలే కాదు, నానమ్మ నడుంనొప్పి కూడా వస్తుంది. మాకు నగలు రాలేదు. ఆ పాత సంస్థలో కంప్యూటర్లు చూసిన ఇంజనీరుది రావులపాలెం కావడం వల్ల సర్వర్లకు అరటిపళ్ల పేర్లు పెట్టాడు. పెద్ద సర్వరు చక్రకేళి. దాని తోడు సర్వరు అమృతపాణి. చక్రకేళి ఆ మూతబడిన సంవత్సరమే పాడైపోయింది. అమృతపాణి ఒక్కటే మిగిలి మా పనులన్నీ చేస్తోంది.

ఈ సంగతి మాకు పితాని సత్యవేణి ఉద్యోగంలో చేరేదాకా పట్టలేదు.

సత్యవేణిది అయినవిల్లి దగ్గర ఊరు. వయసు ముప్ఫై ఆరు. జూనియర్ అసిస్టెంటు పరీక్ష మూడుసార్లు రాసి తప్పి, నాలుగోసారి పాసై, జూన్ మూడో తేదీ పొద్దున్న రెండు ఆటోలు మారి, పదికి అయిదు నిమిషాలుందనగా మా మెట్లెక్కింది. చేరిక పత్రం నాకే ఇచ్చింది. నేను ముద్ర వేసి, వేలిముద్ర యంత్రంలో పేరు ఎక్కించమని ప్రభుదాసు దగ్గరికి పంపాను. నక్కా ప్రభుదాసు మా కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు ఇంజనీరు. మాట నెమ్మది, చెయ్యి చురుకు. పావుగంటలో నా దగ్గరికి వచ్చాడు.

"నంబరివ్వట్లేదు సార్," అన్నాడు.

"ఎవరు?"

"చక్రకేళి."

"అది పోయింది కదయ్యా."

"అదే సార్ చిక్కు. ఈ నెట్‌వర్కంతా కలిపి ఒక డొమైను. ఉమ్మడి కుటుంబం అనుకోండి. కొత్తగా వచ్చినోళ్లకి నంబర్లు పంచే పెత్తనం ఒక్క చక్రకేళికే ఉంది. పోయేముందు ఓ అయిదొందల నంబర్లు అమృతపాణి చేతిలో పెట్టింది. మనుషులకీ కంప్యూటర్లకీ ఇన్నాళ్లూ అవే వాడేశాం. నిన్నటితో అయిపోయాయి. కొత్తవి కావాలని అమృతపాణి చక్రకేళిని అడుగుతోంది."

"పోయిందని దానికి తెలీదా?"

"ఎవరూ చెప్పలేద్సార్. రికార్డుల్లో చక్రకేళి పేరు అలాగే ఉంది. ఇది పిలుస్తుంది, అది పలకదు, మళ్లీ పిలుస్తుంది. ఆరేళ్ల నుంచీ ఇదే వరస. డొమైనుని కొత్త వర్షనుకి మార్చమని హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది గదా, ఆ అప్‌గ్రేడు మొదలెట్టినా 'చక్రకేళి అందుబాటులో లేదు' అని అక్కడే ఆగిపోతోంది."

నాకు అమృతపాణి మీద జాలేసింది. సత్యవేణి మీద కూడా వేయాల్సింది. ఎందుకంటే నంబరు లేనివాళ్లకు వేలిముద్ర పడదు. వేలిముద్ర పడనివాళ్లు ఆఫీసుకు రానట్టు లెక్క. కొత్తగా చేరిన ఉద్యోగి వరసగా నూట ఎనభై రోజులు హాజరు కాకపోతే ఉద్యోగం వదులుకున్నట్టే భావించాలని మా నిబంధన. జూన్ మూడు నుంచి లెక్కేస్తే నవంబరు ఇరవై తొమ్మిదికి నూట ఎనభై నిండుతాయి. ఈ లెక్క మాకెవరికీ తోచకముందే సత్యవేణి వేసుకుంది.

"నాకు వయసు దాటిపోయిందండి. ఈ ఉద్యోగం పోతే ఇంకో పరీక్ష రాయడానికి లేదు," అంది నాతో. గొంతులో ఏడుపేమీ లేదు. బస్సు వేళ చెప్పినట్టు చెప్పింది.

ముగ్గురం కలిసి పరిపాలనాధికారి గొర్తి సోమయాజులు గారి గదికి వెళ్లాం. సోమయాజులు గారు చెడ్డవారు కారు. రూలు అడ్డం రాకపోతే ఎవరికైనా సాయం చేస్తారు. అడ్డం రాని రూలు మాత్రం ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయనకు ఇంకా తగల్లేదు.

ప్రభుదాసు విషయం చెప్పి, "అరగంట పని సార్," అన్నాడు. "రెండు సర్వర్లూ బతికుంటే పాతది కొత్తదానికి అధికారాలు అప్పగిస్తుంది. పాతది చచ్చిపోతే కొత్తది తనంతట తానే తీసేసుకుంటుంది. రెండో దారిలో పోయి, చక్రకేళి పేరున మిగిలిపోయిన రికార్డులు ఏరి పారేస్తే, నంబర్లూ వస్తాయి, అప్‌గ్రేడూ అవుతుంది."

సోమయాజులు గారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. ఆయన కళ్లద్దాలు తీశారంటే చూడదలచుకోలేదని అర్థం.

"తనంతట తానే తీసుకొనుట. అనగా పూర్వాధికారి సంతకము లేకుండా బాధ్యతలు చేజిక్కించుకొనుట. ఏమయ్యా ప్రభుదాసూ, ఇది కార్యాలయమా, కత్తి తిప్పినవాడెక్కే సింహాసనమా?"

"అది యంత్రం సార్!"

"యంత్రమని నాకూ తెలుసు. నేనేమైనా వెర్రివాణ్ణా? యంత్రానికి చార్జి ఉందా, లేదా?"

"ఉందండి."

"ఉన్నది కదా. 'చార్జి కలిగియున్న వారెవరైనను' అని ఉంది నిబంధనలో. మనుషులెవరైనను అని లేదు. చార్జి ఉన్నప్పుడు అప్పగింత ఉండాలి. చక్రకేళి చార్జి అప్పగించకుండా గైర్హాజరైంది. అటువంటి సందర్భంలో మూడు మెమోలు, ఒక విచారణ, తరువాత తగు ఉత్తర్వులు." ఆయన నావైపు తిరిగారు. "మొదటి మెమో ముసాయిదా పెట్టండి."

నేను ముప్ఫై రెండేళ్లుగా మెమోలు రాస్తున్నాను. ఎవరికని అడగడం మానేసి పాతికేళ్లయింది. ఆ మధ్యాహ్నమే రాశాను.

"శ్రీ చక్రకేళి గారికి. మీరు గత ఆరు సంవత్సరములుగా ముందస్తు అనుమతి లేకుండా మౌనము వహించియున్నట్లు ఈ కార్యాలయము దృష్టికి వచ్చినది. ఈ మెమో అందిన పదిహేను దినములలోగా చార్జి అప్పగించవలెను. లేనిచో మీరు చెప్పుకొనునది ఏమియు లేదని భావించి తదుపరి చర్య గైకొనబడును."

"శ్రీ అవసరమా సార్?" అని సోమయాజులు గారిని అడిగాను.

"హోదా తేలేదాకా ఉండనివ్వండి. పెట్టినందుకు ఎవరూ కోప్పడరు, తీసేస్తేనే పేచీ," అన్నారు.

దాని శుద్ధప్రతి సత్యవేణి చేత్తో రాసింది. లాగిన్ లేదు కనుక ఆమెకు కంప్యూటరు లేదు. కంప్యూటరు లేదు కనుక చేతిరాత పనులన్నీ ఆమెకే వచ్చాయి. మా సెక్షనులో ఆరుగురం ఉన్నాం. రికార్డు ప్రకారం ఆఫీసుకు రాని మనిషి ఒక్కతే పదింటికి వచ్చి అయిదున్నర దాకా వంచిన తల ఎత్తకుండా పనిచేసేది. రికార్డు ప్రకారం వచ్చిన మేము టీకి వెళ్లి, వచ్చి, మళ్లీ వెళ్లేవాళ్లం.

మెమోను చక్రకేళి చివరిసారి పనిచేసిన చోట అందజేయాలి. అది కింది అంతస్తులో స్టోరు గది. రికార్డు రూము చూసే అటెండరు గనిరాజు తీసుకెళ్లి, తిరిగొచ్చి కాగితం వెనక రాశాడు: "చక్రకేళి గారు గదిలో లేరు. చీపుళ్లు, ఫినాయిలు డబ్బాలు ఉన్నవి. తలుపుకి అంటించడమైనది." జూలైలో రెండో మెమో అంటించాడు. దానికి జిగురు చాలక చీపురుపుల్ల గుచ్చాడు. ఆగస్టులో మూడోది అంటించేసరికి తలుపు ముందు జనం ఆగి చదవడం మొదలెట్టారు. ఈత చాపల కోసం వచ్చిన ఒకాయన, "పాపం, ఆరేళ్లు కనబడకపోతే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో," అని బాధపడి వెళ్లాడు.

సెప్టెంబరులో విచారణ మొదలైంది. విచారణాధికారి సోమయాజులు గారే. సాక్షి గనిరాజు. రాసుకునేది సత్యవేణి. సాంకేతిక సహాయం ప్రభుదాసు. ఎవరు ఎటువైపో తికమక లేకుండా ఉండాలని నేను కుర్చీలు వేయించాను. చక్రకేళికి కూడా ఒక కుర్చీ వేశాం. అది ఖాళీగా ఉందని నమోదు చేశాం.

"గనిరాజూ, నీవు చక్రకేళిని కడసారి ఎప్పుడు చూచితివి?"

"ఆయ్, తుపానప్పుడండి. కాలవ పొంగి నీళ్లు కింది గదిలోకొచ్చేసేయండి. ములిగిపోయిందండి పాపం. నేనూ ఇంకో ఇద్దరూ మోసుకెళ్లి డాబా మీద నవారు మంచమేసి ఎండబెట్టేమండి. రెండ్రోజులు తిరగేసి మరగేసి ఎండబెట్టేం, వడియాలికి కూడా అంత జాగర్త పడంకదండి."

"తదుపరి?"

"తరవాత కరెంటెడితే ఓసారి కుంయ్ మందండి. అంతేనండి. ఆనక పీచు ఆఫీసోళ్లు పాత ఫేన్లతో కలిపి ఏలం పాటెట్టేసేరండి. మండపేట నుంచొచ్చినాయన రిక్షాలో ఏసుకెళ్లిపోయేడు."

"అధికారుల అనుమతితోనే వెళ్లినదా?"

"ఆళ్లే దగ్గరుండి పంపేరండి."

సోమయాజులు గారి మొహం వెలిగింది. ప్రభుదాసు మొహం కూడా వెలిగింది. "చూశారా సార్, పోయిందని సాక్ష్యం వచ్చేసింది. ఇంక రికార్డు తీసేయొచ్చు గదా!"

"తొందరపడకు. అనుమతితో వెళ్లినదానిని గైర్హాజరు అనుటకు వీలు లేదు. విడుదల ఉత్తర్వు ఇవ్వకుండా పంపినది పూర్వపు సంస్థ. తప్పు యాజమాన్యానిది, ఉద్యోగిది కాదు. సర్వీసు రిజిస్టరు ఏమంటున్నది?"

ఇక్కడ చిన్న వింత బయటపడింది. చక్రకేళికి నిజంగానే సర్వీసు రిజిస్టరు ఉంది. సర్వరుకి ఏసీ గది కావాలి. పీచు సంస్థ నిబంధనల్లో ఉపసంచాలకుల హోదా, అంతకు పైన ఉన్నవారికి తప్ప ఏసీ గది ఇవ్వరాదు. ఏసీ లేకపోతే సర్వరు నడవదు. అప్పటి పరిపాలనాధికారి ఎవరో తెలివైనవాడు, సర్వరుకి ఉపసంచాలకుల హోదా ఇస్తున్నట్టు ఉత్తర్వు తీసి, రిజిస్టరు తెరిచి, ఏసీ బిగించాడు. అంటే చక్రకేళి సోమయాజులు గారికంటే ఒక మెట్టు పైన. ఈ సంగతి చదవగానే ఆయన ఖాళీ కుర్చీ వైపు చూసి, మేకుకు తగిలించిన కోటు తీసి తొడుక్కున్నారు.

విచారణ నివేదిక పదకొండు పేజీలు వచ్చింది. సారాంశం ఇది. చక్రకేళి గారు తొమ్మిది సంవత్సరముల సర్వీసులో ఒక్క దినము సెలవు కోరలేదు. రాత్రింబవళ్లు విధుల్లో ఉన్నారు. క్రమశిక్షణా చర్యలు లేవు. పై అధికారులను ఎదిరించి మాట్లాడిన దాఖలా లేదు. కావున వారిపై అభియోగము రుజువు కాలేదు. వరద తేదీ నుంచి నేటి వరకు కాలమును విధి నిర్వహణగా పరిగణించడమైనది.

"సార్," అన్నాడు ప్రభుదాసు, "చచ్చిపోయిన సర్వరు డ్యూటీలో ఉంది. రోజూ వచ్చే సత్యవేణి గారు లేరు. అంతేనా?"

"రికార్డు ప్రకారం," అన్నారు సోమయాజులు గారు, కొంచెం నొచ్చుకుని. "వ్యక్తిగతంగా నాకు ఆ అమ్మాయి మీద ఎంతో గౌరవం. ఇంత చక్కని చేతిరాత ఈ మధ్యకాలంలో చూడలేదు."

అక్టోబరు అంతా ఆ నివేదిక హెడ్డాఫీసుకు వెళ్లడం, 'చూడడమైనది' అని రావడంతో గడిచిపోయింది. నవంబరు పదికి ప్రభుదాసు ఓపిక అయిపోయింది. మధ్యాహ్నం అన్నాల వేళ సత్యవేణి బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. పక్క బల్ల నాదే కనుక నాకు వినిపించింది.

"అక్కా, నేను చేసేస్తాను. అరగంట. ఎవరికీ తెలీదు. నీకు నంబరొచ్చేస్తుంది."

సత్యవేణి క్యారేజీ మూత పెట్టింది. "వద్దు తమ్ముడూ. నాకు కావాల్సింది నంబరే గానీ, దొంగ నంబరు కాదు. రేపెవరో వచ్చి తవ్వితే ముందు నా ఉద్యోగం పోతుంది, వెనకాలే నీది. నాలుగుసార్లు రాసి తెచ్చుకున్నది ఇలా పోగొట్టుకోనా?"

"మరి ఊరుకుంటే ఇరవై తొమ్మిదిన పోతుంది కదక్కా."

"ఊరుకుంటానని ఎవరన్నారు?" అంది. సంచిలోంచి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తీసింది. నాలుగు పరీక్షలకూ చదివిన నిబంధనల పుస్తకం. మేమందరం ఆ పుస్తకం కోట్ చేసేవాళ్లమే. చదివిన మనిషిని చూడడం నాకు అదే మొదలు.

మూడు రోజుల తర్వాత ఆమె సోమయాజులు గారికి ఒక నోటు పెట్టింది. చార్జి కలిగియున్నవారు స్వయంగా అప్పగించలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆ స్థానంలో మరొకరిని తాత్కాలికంగా కూర్చోబెట్టవచ్చు. అట్లు కూర్చున్నవారు అసలువారి అన్ని అధికారాలతో చార్జి అప్పగించవచ్చు. అయితే కూర్చునేవారికి వేరే చార్జి ఏదీ ఉండరాదు. మండలిలో ప్రతి ఒక్కరికీ ఏదో ఒక చార్జి ఉన్నది. ఇంతవరకు రికార్డులోకి రానందున ఏ చార్జీ లేనిది తాను ఒక్కతే.

సోమయాజులు గారు ఆ నోటు రెండుసార్లు చదివారు. మూడోసారి పైకి చదివారు. కళ్లు చెమర్చాయి. మనవడు పుట్టినప్పుడు కూడా ఆయన్ని అలా చూడలేదు.

"రూలు ఉన్నది!" అన్నారు. "అమ్మాయీ, రూలు ఉన్నదమ్మా!"

నేను ఒక సందేహం వెలిబుచ్చాను. "సార్, అసలు రికార్డులో లేని మనిషిని కూర్చోబెడుతూ ఉత్తర్వు ఎలా ఇస్తాం?"

"ఉత్తర్వు కుర్చీకి ఇస్తాము. ఎవరు కూర్చున్నారన్నది కుర్చీ చూసుకుంటుంది," అన్నారు.

నవంబరు ఇరవై మూడున ఉత్తర్వు వెలువడింది. సత్యవేణి చక్రకేళి స్థానంలో కూర్చుంది. ఆ స్థానానికి ఏసీ గది హక్కు కనుక స్టోరు గదిలోంచి చీపుళ్లు తీసేసి, కడిగి, ఆరేళ్లుగా పిచ్చుకలు కాపురమున్న ఏసీని బాగుచేయించారు. గనిరాజుని గుమ్మం దగ్గర స్టూలు మీద వేశారు. పొద్దున్నే సోమయాజులు గారు వచ్చి తలుపు తట్టి, "లోపలికి రావచ్చునా మేడమ్?" అని అడగడం నా చెవులారా విన్నాను. సత్యవేణి గాభరా పడి లేచి నిలబడింది. హోదాలో పెద్దవారు లేవకూడదని ఆయన ఆమెను బతిమాలి కూర్చోబెట్టారు.

ఇక చార్జి అప్పగింత పత్రం తయారు చేయడమే మిగిలింది. అప్పగించవలసిన బాధ్యతలు అయిదని ప్రభుదాసు చెప్పాడు. అయిదూ తెలుగులో రాసి, నాలుగు ప్రతులు తీసి, సరిచూసేసరికి ఇరవై ఎనిమిది వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఇంకో ఫైలు కదిలింది. దాన్ని కదిలించింది నేనే. తేదీ దగ్గరపడితే నా చెయ్యి దానంతట అదే కదులుతుంది.

"విషయము: కుమారి పితాని సత్యవేణి, జూనియర్ అసిస్టెంటు. నూట డెబ్బై తొమ్మిది దినముల గైర్హాజరు. రేపటితో ఉద్యోగము వదులుకొన్నట్లు భావించుట గురించి. ఉత్తర్వులకై."

ఈ రకం ఫైలు మీద సంతకం చేయడానికి ఉపసంచాలకుల హోదా ఉండాలి. మా ఆఫీసులో ఆ హోదా వారు లేరు కనుక ఎప్పుడూ హెడ్డాఫీసుకు పంపేవాళ్లం. అలవాటుకొద్దీ పంపబోతే సోమయాజులు గారు ఆపారు.

"ఎందుకండీ అంత దూరం? ఆ హోదా వారు ఇప్పుడు మన కింది అంతస్తులోనే ఉన్నారు కదా. పైవారుండగా దాటి పంపడం అమర్యాద."

"కానీ సార్, ఎవరి కేసు వాళ్లే తేల్చుకోకూడదు కదా?"

ఆయన నన్ను చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశారు. "రికార్డు ప్రకారం కింద ఉన్నది చక్రకేళి స్థానం. ఫైలులో ఉన్నది సత్యవేణి అనే గైర్హాజరైన ఉద్యోగిని. ఈమే ఆమె అని రుజువు చేయాలంటే ఆ సత్యవేణి మన ముందు హాజరు కావాలి. హాజరైతే ఇంక కేసేముంది?"

నాకు తల తిరిగింది. అయినా ఆ మాటలో పగులు ఎక్కడుందో ఈనాటికీ పట్టుకోలేకపోయాను.

ఫైలు పట్టుకుని మేమిద్దరం కిందికి వెళ్లాం. ప్రభుదాసు అక్కడే ఉన్నాడు. సోమయాజులు గారు ఫైలు తెరిచి, చేతులు కట్టుకుని, విషయం మొత్తం చదివి వినిపించారు. నూట డెబ్బై తొమ్మిది రోజులు ఈ ఉద్యోగిని ఎక్కడుందో కార్యాలయానికి తెలియదనీ, పంపిన సమాచారానికి స్పందన లేదనీ చదివారు. సత్యవేణి తలెత్తకుండా వింది. తర్వాత కలం తీసుకుంది. మెమోలన్నీ రాసిన ఆ గుండ్రటి అక్షరాలతోనే రెండు ముక్కలు రాసింది.

"ఈ ఉద్యోగిని రోజూ వస్తున్నారు. నేను చూస్తున్నాను."

కింద సంతకం పెట్టి, చక్రకేళి స్థానము అని రాసి, ముద్ర వేసింది.

సోమయాజులు గారు చదివి తల పంకించారు. "అధికారి స్వయంగా చూచినానని రాసిన తరువాత ఇంక వేరే రుజువు అవసరము లేదు," అన్నారు. ఆయన గొంతులో నిజంగానే సంతోషం ఉంది. ఆరు నెలలుగా ఆయన కూడా ఈ మాట ఎవరైనా రాస్తే బాగుండునని ఎదురుచూశారని నాకప్పుడు అనిపించింది.

ఆ వెంటనే చార్జి అప్పగింత జరిగింది. ఎడమవైపు చక్రకేళి స్థానంలో సత్యవేణి, కుడివైపు అమృతపాణి తరఫున ప్రభుదాసు సంతకాలు పెట్టారు. ప్రభుదాసు కంప్యూటరు ముందు కూర్చుని, జూన్‌లో చెప్పిన పనే చేశాడు. చక్రకేళి పెత్తనాలన్నీ అమృతపాణికి మళ్లించాడు. పేరున మిగిలిన రికార్డులు మూల మూలల నుంచి ఏరి తీసేశాడు. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అప్‌గ్రేడు ఎక్కడా ఆగకుండా సాగిపోయింది. అరగంట అని చెప్పినందుకు సోమయాజులు గారు అతనితో, "అంచనాల్లో జాగ్రత్త ఉండాలయ్యా," అన్నారు.

మర్నాడు ఇరవై తొమ్మిది. సత్యవేణి పదికి అయిదు నిమిషాలుందనగా వచ్చి, ఏసీ గది వైపు చూడకుండా మెట్లెక్కి, యంత్రం మీద బొటనవేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది. ప్రభుదాసు చప్పట్లు కొట్టాడు. గనిరాజు అందరికీ టీ పోశాడు. ఆమె వచ్చి నా పక్క బల్ల దగ్గర కూర్చుని, మొదటిసారి కంప్యూటరు ముందుకు లాక్కుంది.

నాకూ సంతోషంగానే ఉంది. మెచ్చుకోవాలనిపించింది.

"ఆ కుర్చీ రూలు భలే పట్టావమ్మా. మాకెవరికీ తట్టలేదు," అన్నాను.

"అది రెండోదండి," అంది, కీబోర్డు చూసుకుంటూ. "మొదటిది వేరే ఉందండి. ఇంకా తేలిక. యంత్రం పనిచేయనప్పుడు సెక్షను సూపరింటెండెంటు చేత్తో 'ఈ ఉద్యోగి వచ్చారు' అని రాసి సంతకం పెడితే చాలండి. అదే హాజరు."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. "మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా! ఆ ఒక్క ముక్కా నేను రాసేవాణ్ణి కదా!"

"చెప్పానండి. చేరిన మూడో రోజునే మీకు అర్జీ పెట్టాను. పేజీ నంబరుతో సహా రాశాను."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. లేచి బీరువా తెరిచి, జూన్ నెల కట్ట విప్పాను. అర్జీ పైనే ఉంది. అదే గుండ్రటి చేతిరాత. మార్జిన్‌లో ఎర్ర సిరాతో 'పరిశీలనలో ఉంచవలెను' అని ఉంది. కింద జూన్ అయిదో తేదీ వేసి నేను సంతకం పెట్టాను.